ఇక్కడ నా మనిషి ఎవరు?

పోయిన నెల మా అక్కకి మోకాలి ఆపరేషన్ అయింది. విజయవాడలో ఒక ప్రైవేటు ఆసుపత్రి. ఆపరేషన్ బాగా చేశారు, అందులో వంక పెట్టను. డిశ్చార్జి రోజు పొద్దున తొమ్మిదిన్నరకి పెద్ద డాక్టరు గారు వచ్చి "ఇవాళ ఇంటికెళ్లిపోవచ్చమ్మా" అనేసి వెళ్లారు. అక్క అప్పటికప్పుడే దువ్వెనా పౌడరు డబ్బా సంచిలో సర్దేసుకుని మంచం అంచున కూర్చుంది. మేం గేటు దాటేసరికి రాత్రి ఏడూ నలభై.

ఆ పది గంటల్లో జరిగింది ఇదీ. బిల్లింగు కౌంటర్లో కుర్రాడు "ఫార్మసీ రిటర్ను పడలేదు సార్, అది పడితేగానీ ఫైనల్ బిల్లు రాదు" అన్నాడు. ఫార్మసీకి వెళ్తే "వార్డు నుంచి వాడని మందులు వెనక్కి రాలేదండీ" అన్నారు. మూడో అంతస్తుకి వెళ్తే సిస్టర్ "ఎప్పుడో పంపించేశాం అంకుల్" అంది. పంపించేసిన మందులు, అంటే రెండు ఇంజెక్షన్లూ ఒక సెలైన్ సెట్టూ, సిస్టర్లు కూర్చునే బల్ల మీదే స్టీలు ట్రేలో ఉన్నాయి. తీసుకెళ్లాల్సిన వార్డుబాయ్ ఇంకో పేషెంటుని స్కానింగుకి తోసుకెళ్లాడు. అతను వచ్చేలోపు రెండయింది, డ్యూటీ మారింది. కొత్తగా వచ్చిన సిస్టర్‌కి ఆ ట్రే సంగతి తెలీదు. చివరికి బిల్లు మూడున్నరకి వచ్చింది. అది ఇన్సూరెన్సు డెస్కుకి వెళ్లింది. అయిదింటికి కంపెనీ వాళ్లు ఇంకేదో కాగితం అడిగారట. ఆ కాగితం కేసు షీట్లో ఉంది, కేసు షీటు డ్యూటీ డాక్టరు దగ్గరుంది, డ్యూటీ డాక్టరు ఎమర్జెన్సీలో ఉన్నాడు.

నాకు దేన్నయినా లెక్కపెట్టే జబ్బు ఉంది. ఆ రోజు లిఫ్టు పద్నాలుగు సార్లు ఎక్కి దిగాను. ఒక్కరు కూడా విసుక్కోలేదు, ఒక్కరు కూడా ఫోను చూసుకుంటూ కూర్చోలేదు. ఎవరి పని వాళ్లు చేస్తూనే ఉన్నారు. మా అక్కని ఇంటికి పంపించడం అనే పని మాత్రం వాళ్లలో ఎవరిదీ కాదు. అది నాదేనని మధ్యాహ్నానికి తెలిసొచ్చింది. సిస్టర్‌ని బతిమాలి ఆ ట్రే కిందికి తీసుకెళ్లింది నేను. ఎమర్జెన్సీ తలుపు దగ్గర నిలబడి డాక్టరుని పట్టుకుంది నేను. ఆ పూట నేను ఆ ఆసుపత్రిలో ఉద్యోగం చేశాను. జీతం మాట దేవుడెరుగు, పార్కింగుకి నా దగ్గరే డబ్బులు తీసుకున్నారు.

కోపం రావాల్సిన చోట నాకు సిగ్గేసింది. ఎందుకంటే సరిగ్గా ఇలాంటి ఏర్పాటు ఒకటి పదకొండేళ్ల కిందట గుంటూరులో నా చేత్తో నేనే చేశాను.

పెట్టెలూ గీతలూ

నాది కోల్డు స్టోరేజీ ఉద్యోగం. మిర్చి నిల్వ చేసే స్టోరేజీ. ముప్పై అయిదేళ్ల వయసులో నాగార్జున యూనివర్సిటీ దూరవిద్యలో ఎంబీఏ కట్టాను. రాత్రిపూట దోమల మధ్య చదివిన ఆ పుస్తకాల్లో సంస్థ నిర్మాణం ఒక పేపర్లో వచ్చేది, జాబ్ డిజైన్ ఇంకో పేపర్లో, ఇంకో సెమిస్టర్లో వచ్చేది. మొదటిదాంట్లో పైనుంచి కిందికి పెట్టెలు గీస్తాం, ఎవరు ఎవరి కింద, ఒకరి కింద ఎంతమంది. రెండోదాంట్లో ఒక్కో పెట్టె మూత తీసి లోపల కూర్చున్న మనిషి ఏమేం చేయాలో రాస్తాం. పరీక్షకి రెండూ వేర్వేరుగా చదివి రెండూ పాసయ్యాను. బయటినుంచి వచ్చిన మనిషి పని ఆ పెట్టెల మీదుగా అడ్డంగా ఎలా నడుస్తుందన్నది రెండు పేపర్లలోనూ మొక్కుబడిగానే ఉండేది. సమన్వయం అని ఒక పేరా, అయిదు మార్కుల ప్రశ్న.

నేను పని పంచడానికి వ్యతిరేకిని కాదు. 1776లో ఆర్థికవేత్త ఆడం స్మిత్ చెప్పిన గుండుసూదుల లెక్క అబద్ధం కాదు. ఒక్కడే కూర్చుని చేస్తే రోజుకి ఇరవై సూదులు కూడా కష్టం. ఆ పనిని 18 ముక్కలు చేసి పదిమంది పంచుకుంటే రోజుకి 48,000. ఇప్పటికీ ఏ వర్క్‌షాపుకి వెళ్లినా ఆ లెక్కే నడుస్తోంది. కాకపోతే గుండుసూదికి తమ్ముడుండడు. ఒక చేతి నుంచి ఇంకో చేతికి వెళ్లేటప్పుడు మధ్యలో ఆగిపోతే అది అరవదు, లిఫ్టు ఎక్కి దిగదు. పైగా ఆ పదిమందీ ఒకే గదిలో కూర్చున్నారు, సూది ఎక్కడ ఆగిందో కంటికి కనపడుతుంది. అదే స్మిత్ అదే పుస్తకం చివరి భాగంలో, బతుకంతా రెండు మూడు చిన్న పనులే చేసేవాడి బుర్ర మొద్దుబారిపోతుందనీ రాశాడు. ఆ ముక్క మా సిలబస్‌లో లేదు.

ఫ్రాన్సులో గని ఇంజినీరు హెన్రీ ఫయోల్‌కి ఈ అడ్డం బాధ తెలుసు. 1916లో పద్నాలుగు సూత్రాలు చెబుతూ, ఆజ్ఞ పైనుంచి కిందికే నడవాలంటూనే, ఈ పక్క మెట్టు మీదివాడు ఆ పక్క మెట్టు మీదివాడితో నేరుగా మాట్లాడుకోవడానికి చిన్న వంతెన వేసుకోవచ్చన్నాడు, పైవాళ్లకి చెప్పి. మేం ఆ వంతెన బొమ్మ గీసి మార్కులు తెచ్చుకున్నాం. ఆఫీసుల్లో వంతెన వేసిన వాళ్లని నేను పెద్దగా చూడలేదు.

నా అభిప్రాయం ఇది. పనిని ముక్కలు చేసిన ప్రతిసారీ ఆ ముక్కల్ని కుట్టే పని ఒకటి కొత్తగా పుడుతుంది. అది చార్టులో ఎక్కడా కనపడదు కాబట్టి ఎవరికీ ఇవ్వం. ఇవ్వనంత మాత్రాన అది మాయమైపోదు. పేషెంటు తమ్ముడి మీదో, చీటీ పట్టుకుని నిలబడ్డ రైతు మీదో పడుతుంది. పని పంచి ఎంత మిగిల్చామో లెక్క కట్టేటప్పుడు వాళ్ల పూట కూలీ అందులో కలపం.

విజయవాడ ఆటోనగర్‌లో లారీకి బాడీ కట్టించేటప్పుడు చూడండి. ఇనప పని ఒక షెడ్డు, చెక్క పని ఒకటి, కరెంటు వైరింగు ఇంకొకడు, సీట్లు వేరే, రంగు వేరే. ఎవరూ ఎవరి కిందా పనిచేయరు, చార్టు లేదు. అయినా లారీ బయటికొస్తుంది. ఎందుకంటే లారీతో పాటు దాని డ్రైవరో ఓనరు మనిషో షెడ్డు షెడ్డుకీ తిరుగుతుంటాడు, రాత్రిళ్లు అక్కడే పడుకుంటాడు. అక్కడ కుట్టేవాడు ఎవరో అందరికీ తెలుసు, అతని బత్తా కూడా లెక్కలో ఉంటుంది. ఆసుపత్రిలో ఆ పని నాదని నాకు ముందే చెప్పి ఉంటే కనీసం టిఫిన్ తిని వచ్చేవాణ్ణి.

గోడకి తగిలించిన చార్టు

మా స్టోరేజీలో మొదట్నుంచీ నలుగురు గుమాస్తాలు. ఊళ్లు పంచుకున్నారు. ప్రత్తిపాడు వైపు ఒకరు, సత్తెనపల్లి, పిడుగురాళ్ల వైపు ఒకరు, అమరావతి వైపు ఒకరు, మిగతా ఊళ్లూ వ్యాపారులూ ఒకరు. రైతు మార్చిలో ట్రాక్టరు మీద టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, తెచ్చిన దగ్గర్నుంచి, లాటు నంబరు వేయడం, సరుకు మా దగ్గరుందని బాండు రాయడం, బాండు మీద బ్యాంకు అప్పుంటే ఆ ఉత్తరాలు, ధర చూసుకుని సరుకు తీస్తానన్నప్పుడు అద్దె లెక్క, చాంబర్లోంచి దింపించడం, కాటా, గేటు పాసు, అన్నీ ఆ గుమాస్తాయే. రైతు లోపలికి వస్తూనే "మా గుమాస్తా ఏడండీ?" అనేవాడు.

ఒక ఏడాది మా గుమాస్తా ఒకాయన, బ్యాంకు నుంచి అప్పు తీరిందన్న కాగితం రాకముందే ఒక రైతుకి యాభై చిల్లర టిక్కీలు వదిలేశాడు. దొంగతనం కాదు, మొహమాటం. పదిహేనేళ్ల పరిచయం, ఇంట్లో పెళ్లి, రెండ్రోజుల్లో కట్టేస్తానన్నాడు. రెండ్రోజులు రెండు నెలలైంది. బ్యాంకు మమ్మల్ని పట్టుకుంది. మా ఓనరు గారు జేబులోంచి కట్టారు. కట్టిన రోజు సాయంత్రం నన్ను పిలిచి "ఎంబీఏ చదివావు కదయ్యా, ఇలా ఒకడి చేతిలో అన్నీ ఉండకుండా ఏదన్నా చేయి" అన్నారు.

నాకు ఆ మాట కోసమే ఎదురుచూస్తున్నట్టుంది. ఒక ఆదివారం కూర్చుని ఎక్సెల్‌లో చార్టు గీశాను. నలుగురు గుమాస్తాలకి నాలుగు కౌంటర్లు. ఒకటి బాండ్లు, రెండు బ్యాంకు, మూడు అద్దె వసూలు, నాలుగు చాంబరు ఆర్డరూ గేటు పాసూ. ఎవరి బాధ్యతలు వాళ్లకి టైపు చేసి సంతకాలు తీసుకున్నాను. చార్టుకి ఫ్రేము కట్టించి గోడకి తగిలించాను. ఓనరు గారు దాన్ని చూసి, "బ్యాంకులాగా ఉందే" అన్నారు. అది మెచ్చుకోలు అనుకున్నాను.

మామూలు రోజున పని వేగం పెరిగిన మాట నిజం. అన్నీ సరిగ్గా ఉన్న చీటీ గంట పట్టేది ముప్పావు గంటలో అయ్యేది. చిక్కు అంతా ఏదో ఒకటి సరిగ్గా లేని చీటీతో. మిర్చి వ్యవహారంలో అలాంటి చీటీలే సగం. పేరులో అక్షరం తేడా, రెండు లాట్లు కలిసిపోవడం, ఒక టిక్కీ తడవడం.

ఆ మే నెలలో సత్తెనపల్లి వైపు నుంచి ఒక రైతు వచ్చాడు. అరవై టిక్కీలు, తేజ రకం. బాండు తండ్రి పేరు మీద ఉంది, తండ్రి సంక్రాంతికి పోయాడు. ఒకటో కౌంటరు "పేరు మార్పిస్తే తప్ప కుదరదు, బ్యాంకు వాళ్లు ఒప్పుకోవాలి" అన్నాడు. రెండో కౌంటరు "అప్పు సున్నా, మాకేం అభ్యంతరం లేదు, పేరు సంగతి ఒకటో కౌంటరు చూస్తారు" అన్నాడు. మూడో కౌంటరు అద్దె కట్టించేసుకున్నాడు. నాలుగో కౌంటరు "బాండు మీద ఉన్న మనిషి రావాలండీ" అన్నాడు. నలుగురిదీ న్యాయమే. ఆయన మధ్యాహ్నం వేపచెట్టు కింద కూర్చుని పెరుగన్నం పొట్లం విప్పుకుని తిన్నాడు. సాయంత్రం యార్డులో వేలంపాట అయిపోయిందని ఫోనొచ్చాక నా గదిలోకి వచ్చాడు. అరవలేదు. "సారూ, మా నాయన ఉన్నప్పుడు ఇక్కడ మాకో మనిషి ఉండేవాడు. ఇప్పుడు ఇక్కడ నా మనిషి ఎవరు?" అన్నాడు.

నా వెనకే గోడకి చార్టు ఉంది. అందులో నాకు జవాబు దొరకలేదు.

టిక్కీ 42 కిలోలు

మనకి తెలిసిన పాత సామెత ఉంది, పదిమందిలో పాము చావదని. అంతా కలిసి కొట్టబోతారు, ఎవరో కొడతారులే అనుకుంటారు, పాము కలుగులోకి పోతుంది. నేను చార్టు గీసిన గది నుంచి ముప్పై అడుగుల దూరంలో దానికి ఎదురు సాక్ష్యం రోజూ నడుస్తోంది. చాన్నాళ్లు నేను గమనించలేదు.

మా హమాలీ ముఠాలో పన్నెండు మంది. కూలీ టిక్కీ లెక్కన వస్తుంది, పంపకం మాత్రం మనిషి లెక్కన సమానం. మేస్త్రి కూడా బస్తా మోస్తాడు, ఆయనకీ ఒక వాటాయే. అరవై టిక్కీలు మూడో అంతస్తు చాంబర్లోంచి దించాలంటే ఎవరు ఎక్కడ నిలబడాలో ఎవరూ చెప్పరు. ఇద్దరు కుర్రాళ్లు చలిలోకి వెళ్లి లాటు విప్పుతారు, పెద్దాయన ఒకడు కొక్కెంతో ఎత్తి వీపుల మీదికి సర్దుతాడు, మోకాళ్లు అరిగినవాడు కిందే ఉండి సుద్దముక్కతో గీతలు కొడతాడు. చలిలో ఉన్నవాళ్లు పావుగంటకి బయటికొస్తారు, ఇంకో ఇద్దరు వెళ్తారు. ఒకసారి యాభై తొమ్మిదే వచ్చాయి. మేస్త్రి లారీని కదలనివ్వలేదు. నేను "రేపు చూద్దాంలే" అంటే, "లాటు పూర్తయితేనే మాది అయినట్టు సారూ. ఒకటి తక్కువుంటే యాభై తొమ్మిదికీ మాటొస్తుంది" అన్నాడు. గంటసేపు వెతికి పక్క లాటు వెనకాల పడిపోయిన టిక్కీ పట్టుకొచ్చారు.

మిర్చి టిక్కీ సుమారు 40, 45 కిలోలు తూగుతుంది. అమెరికాలో ఫ్రెడరిక్ టేలర్ శాస్త్రీయ నిర్వహణ పేరుతో మోయించిన ముడి ఇనుప కడ్డీ 92 పౌండ్లు, అంటే దాదాపు 42 కిలోలు. మా టిక్కీ బరువే. 1911 నాటి పుస్తకంలో ఆయన లెక్క ప్రకారం, బెత్లెహాం ఉక్కు కంపెనీలో రోజుకి 12.5 టన్నులు మోసే కూలీ, ఎప్పుడు ఎత్తాలో ఎప్పుడు కూర్చోవాలో పక్కనుండి చెప్పేవాడుంటే 47 టన్నుల పైన మోశాడు. కూలీ 1.15 డాలర్ల నుంచి 1.85కి పెరిగింది. ఆలోచన ఒకరిది, మోత ఒకరిది. ముఠాలంటే టేలర్‌కి ఒంటికి పడదు. గుంపులో కలిస్తే ప్రతివాడూ అందరికన్నా బద్ధకస్థుడి దగ్గరికి జారతాడని ఆయన నమ్మకం. అందుకే అక్కడ ప్రత్యేక అనుమతి లేకుండా నలుగురికి మించి ముఠాగా పనిచేయకూడదని ఉత్తర్వే ఉండేది.

టన్నుల లెక్కలో మా ముఠా టేలర్ మనిషితో పోటీ పడలేదేమో. అరవయ్యో టిక్కీని వెతికేది మాత్రం ముఠాయే. ఇంగ్లండు బొగ్గు గనుల గురించి ట్రిస్ట్, బాంఫర్త్ అనే పరిశోధకులు 1951లో రాసింది చదివినప్పుడు నాకు మా మేస్త్రే కళ్లముందు కదిలాడు. పాత పద్ధతిలో చిన్న జట్లు, తమ మనుషుల్ని తామే ఎంచుకుని, మొదలు నుంచి చివరిదాకా బొగ్గు పని తామే చేసుకుని, డబ్బు పంచుకునేవి. యంత్రాలొచ్చాక పనిని షిఫ్టుల వారీగా చీల్చారు. ఒక షిఫ్టు కోయాలి, ఒక షిఫ్టు ఎత్తాలి. యంత్రాలతో రావాల్సినంత ఉత్పత్తి రాలేదు. ఒక షిఫ్టు వదిలేసిన చెత్త ఇంకో షిఫ్టు నెత్తిన పడటం, ఒకరినొకరు తిట్టుకోవడం మిగిలాయి. మధ్యాహ్నం రెండింటి సిస్టర్ల షిఫ్టూ, ఆ స్టీలు ట్రే అదే కథ.

ముఠాని నెత్తికెత్తుకుంటున్నానని అనుకోకండి. మా ముఠాలో వాటా తండ్రి నుంచి కొడుక్కి వస్తుంది. బయటివాడు దూరాలంటే చుక్కలు కనపడతాయి. ఆడమనిషి ఒక్కతి లేదు. లోపలున్నవాళ్లు ఒకరి కోసం ఒకరు నిలబడేంత గట్టిగా ఉందంటే, బయటివాళ్లకి తలుపు కూడా అంత గట్టిగానే మూసి ఉంది.

తొడిమలు తీసే చోట

మొదలు నుంచి చివరిదాకా ఒక పూర్తి పని చేయడంలో మనిషికి తృప్తి ఉంటుందని 1970లలో హాక్‌మన్, ఓల్డ్‌హామ్ అనే అమెరికా పరిశోధకులు సిద్ధాంతం చేశారు. పనిలో వైవిధ్యం, పూర్తితనం, దానివల్ల ఎవరికో మేలన్న తెలివిడి, సొంతంగా నిర్ణయించుకునే వీలు, ఎలా చేశామో వెంటనే తెలియడం, ఈ అయిదూ ఉంటే ఉద్యోగం బాగుంటుందన్నారు. నాకు ఇది మంత్రంలా పనిచేసింది. చదివిన ఊపులో మా వాళ్లకి తెలిసిన గోడౌనులో తొడిమలు తీసే ఆడవాళ్ల దగ్గరికి వెళ్లాను. ముక్కుకి గుడ్డ కట్టుకుని, పొద్దున్నుంచి సాయంత్రం దాకా కాయ పట్టుకోవడం, తొడిమ తుంచడం, గుట్టలో వేయడం. ఘాటుకి నాకు అయిదు నిమిషాల్లో దగ్గు మొదలైంది. కాయలు రకాలుగా ఏరడం, తూకం, సంచి కుట్టడం కూడా మీరే చేసుకుంటే ఎలా ఉంటుందమ్మా అని అడిగాను.

వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పెద్దావిడ "ఇంకో పని ఎందుకు బాబూ, కిలోకి ఇంకో రూపాయి ఇప్పించు. చేతులు తొడిమ తీస్తాయి, మేం మాట్లాడుకుంటాం. తూకం మాకిస్తే మాట్లాడుకోడానికేం ఉంటది, పోట్లాడుకోవడమే" అంది.

దీనికి నా దగ్గర పూర్తి జవాబు ఇప్పటికీ లేదు. హాక్‌మన్, ఓల్డ్‌హామ్ కూడా అందరూ ఒకేలా కోరుకోరని ఒప్పుకున్నారు. అంతకు ముందు 1968లో మనస్తత్వవేత్త హెర్జ్‌బర్గ్ ఇంకా మొరటుగా చెప్పాడు. అర్థం లేని పనికి అర్థం లేని పని కలిపితే సున్నాకి సున్నా కలిపినట్టేనని. నేను ఆ ఆడవాళ్లకి ఇవ్వబోయింది అదే, నాలుగు సున్నాలు. ఫోర్డు కూడా 1913లో కన్వేయరు లైను పెట్టాక మనుషులు నిలవక, ఏడాదికి 370 శాతం మంది మారిపోతుంటే, పని మార్చలేదు. 1914 జనవరిలో రోజుకి 5 డాలర్లు ప్రకటించాడు. జనం ఫ్యాక్టరీ ముందు బారులు తీరారు. స్వీడన్ కార్ల కంపెనీ వోల్వో వాళ్లు దానికి ఎదురు నడిచి, 1974లో కాల్మార్‌లో, 1989లో ఉడ్డెవాలాలో చిన్న జట్లు కారు కట్టే ఫ్యాక్టరీలు పెట్టారు. అమ్మకాలు తగ్గిన రోజులు రాగానే 1993లో ఒకటి, 1994లో ఇంకొకటి మూసేశారు. వాటిని మెచ్చుకుంటూ రాసినవాళ్లంతా ఈ చివరి వాక్యం దగ్గర గొంతు తగ్గిస్తారు. నేనూ తగ్గించాను, ఒకప్పుడు.

ఇంకో అభ్యంతరం మా ఓనరు గారిది, అది ఇంకా బలమైనది. ఒకడి చేతిలో అన్నీ ఉంటే మొహమాటం దగ్గర ఆగుతుందని ఏమిటి నమ్మకం? డబ్బు తీసుకునేవాడూ లెక్క రాసేవాడూ ఒకడే కాకూడదన్నది ఏ ఆడిటరైనా మొదటి రోజు చెప్పేదే. మన ఊళ్లలో కరణం గారు ఉండేవారు. భూమి లెక్క ఆయనదే, అడంగలు ఆయనదే, ఎవరి పొలం ఎవరిదో ఆయన కలం చెప్పేది. ఊరికి ఒకే మనిషి, పూర్తి పని, కావాల్సినంత స్వేచ్ఛ. హాక్‌మన్ అయిదు గుణాల్లో నాలుగు కరణీకంలో ఉన్నాయి. 1984లో ఆ వ్యవస్థ రద్దయినప్పుడు మా తాత పండగ చేసుకున్నాడు. "నా మనిషి ఎవరు" అన్న ప్రశ్నకి ఒకే జవాబు ఉండటంలో ఎంత సుఖముందో, ఆ ఒక్కడూ మనవాడు కాకపోతే అంత నరకముంది.

ఇప్పుడు గ్రామ, వార్డు సచివాలయాలు ఇంకో చివర. 2019 అక్టోబర్ 2న మొదలయ్యాయి, పల్లెల్లో అప్పటి లెక్కన సుమారు 2,000 జనాభాకి ఒకటి. ఒక కప్పు కింద పంచాయతీ కార్యదర్శి, వీఆర్వో, సర్వేయరు, వ్యవసాయ సహాయకులు, డిజిటల్ అసిస్టెంటు, మహిళా పోలీసు, ఏఎన్‌ఎం. ఆఫీసు ఒకటే, ఒక్కొక్కరి మాతృశాఖ వేరు. మా చెల్లెలి కూతురు అలాంటి ఒకచోట పనిచేస్తుంది. దాని ఫోనులో పొద్దున్నే రెండు వాట్సాప్ గ్రూపులు మోగుతాయి, ఒకటి ఆఫీసుది, ఒకటి శాఖది. ఒకరు ఊళ్లో సర్వే అంటారు, ఒకరు పొలంలో ఫొటో అంటారు. "మామయ్యా, మీ పుస్తకంలో దీన్నేమంటారు?" అని అడిగితే మ్యాట్రిక్స్ అంటారే, ఒకరి మీద ఇద్దరు బాసులు అన్నాను. "పేరుందన్నమాట, సరే" అంది. అయినా ఆ ఏర్పాటు ఆలోచన నాకు నచ్చుతుంది. కుట్టే పనిని జనం నెత్తిన వేయకుండా ఒక కప్పు కిందికి తేవాలన్నది మంచి ఆలోచనే. ఒక కప్పు అంటే ఒక మనిషి కాదన్నదే నా పేచీ.

చీటీ వెనక

ఆ సత్తెనపల్లి రైతు వెళ్లిన వారానికి నేను చార్టు దించాను. ఫ్రేము బాగుందని మా వాళ్లు అందులో వెంకటేశ్వరస్వామి పటం పెట్టారు. పాత పద్ధతికి మాత్రం వెళ్లలేదు, ఓనరు గారి యాభై టిక్కీలు నాకు గుర్తున్నాయి. బ్యాంకు కౌంటరు అలాగే ఉంచాను. ఆ కౌంటరు సంతకం లేకుండా ఏ గేటు పాసూ కదలదు. మిగతా ముగ్గురికీ మళ్లీ ఊళ్లు పంచాను. చీటీ రాగానే దాని మీద పెద్దక్షరాలతో ఒక గుమాస్తా పేరు. ఆ చీటీ తాలూకు లారీ గేటు దాటేదాకా ఏం జరిగినా రైతు ఆ ఒక్కడినే అడుగుతాడు, నేనూ ఆ ఒక్కడినే అడుగుతాను.

మొదటి నెల ముగ్గురూ నా మీద కత్తికట్టారు. "బ్యాంకు కౌంటర్లో ఆలస్యమైతే నేను మాటెందుకు పడాలి?" అన్నాడు ఒకాయన. న్యాయమైన ప్రశ్న. మాట పడమని చెప్పి చేతికి ఏమీ ఇవ్వకపోతే అది ఉద్యోగం కాదు, శిక్ష. అందుకని వాళ్లకి రెండు హక్కులిచ్చాను. ఏ కౌంటరు వెనక్కయినా వెళ్లి తన చీటీ కాగితం పైకి తీయించవచ్చు. ముఠా మేస్త్రితో నేరుగా మాట్లాడుకోవచ్చు, నా సంతకం అక్కర్లేదు. ఫయోల్ వంతెన అంటే ఇదేనని ఇన్నేళ్లకి తెలిసింది. మూడో హక్కు, అద్దెలో రెండొందల దాకా తగ్గించే హక్కు కూడా ఇద్దామంటే ఓనరు గారు నా వైపు చూసిన చూపుకి ఆ మాట మింగేశాను.

బ్యాంకు కౌంటర్లో ఉన్నాయన్ని ఒకసారి అడిగాను, నీకూ ఊళ్లు కావాలా అని. "వద్దు సార్. ఆరింటికి తాళం వేస్తే ఇంటికెళ్లాక ఏ రైతూ గుర్తుకు రాడు. ఈ మాత్రం ప్రశాంతత ఉండనివ్వండి" అన్నాడు. ఆయన్ని అక్కడే ఉంచాను. ఆ కౌంటరు చాలా శుభ్రంగా నడుస్తోంది. నా సిద్ధాంతానికి ఆయనా, తొడిమలు తీసే పెద్దావిడా చెరో పక్క నిలబడి నవ్వుతున్నట్టే ఉంటుంది.

అక్కని ఇంటికి తెచ్చిన మర్నాడు ఆసుపత్రి నుంచి ఫోను వచ్చింది, మా సేవలకి అయిదుకి ఎన్ని మార్కులిస్తారని. చేసిన అమ్మాయికి డిశ్చార్జితో సంబంధం లేదు, ఆవిడ పని మార్కులు అడగడం. నాలుగిచ్చాను. ఎవరికి తగ్గించాలో తోచలేదు.

ఈ సీజనుకి మా స్టోరేజీలో కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టారు. టోకెన్ నంబరు వస్తుంది, ఏ కౌంటర్లో ఎంతసేపు ఆగిందో కూడా చూపిస్తుంది. గుమాస్తా పేరు వేయడానికి మాత్రం గడి లేదు. కంపెనీ కుర్రాణ్ణి అడిగితే, "కౌంటరు నంబరు ఉంది కదా సార్, పేరెందుకు?" అన్నాడు. తర్వాతి వెర్షన్‌లో చూస్తామన్నాడు. అందాకా చీటీ వెనక బాల్‌పెన్నుతో రాస్తున్నాం.